ఫాస్ఫరస్ తగ్గించే మాత్రల్లో ఏది ఎవరికి? కిడ్నీ జబ్బులో రక్తనాళాల వైపు నుంచి ఒక పోలిక

మా నాన్నగారికి డయాలసిస్ మొదలైన నాలుగో ఏడు, మణికట్టు నొప్పిగా ఉందంటే ఎక్స్‌రే తీయించాం. ఎముక ఏమీ విరగలేదు. కానీ ఫిల్మ్‌ని వెలుతురుకి పట్టి చూస్తుంటే ఎముక పక్కనే రెండు సన్నటి తెల్ల గీతలు, రైలు పట్టాల్లాగా, మణికట్టు నుంచి అరచేతిలోకి పోతూ కనిపించాయి. అవేంటని అడిగితే రక్తనాళం అన్నారు. మామూలుగా రక్తనాళం ఎక్స్‌రేలో కనపడదు. కనపడిందంటే దాని గోడకు సున్నం, అంటే క్యాల్షియం, పట్టిందని అర్థం.

అప్పటిదాకా మేం చూసింది ఒక్కటే, నెలనెలా వచ్చే రిపోర్టులో ఫాస్ఫరస్ అంకె. 5.5 లోపు ఉంటే హమ్మయ్య అనుకోవడం, దాటితే టెన్షన్ పడటం. దాన్ని దించడానికి ఆయన వేసుకుంటున్న మాత్రలో ఏముంది, అది ఒంట్లో ఎక్కడికి పోతోంది అని ఒక్కసారి కూడా అడగలేదు. రోజుకు తొమ్మిది క్యాల్షియం మాత్రలు వేసుకునేవారు. ఆ గీతలకు ఆ మాత్రలే కారణమని నేను అనను, ఎందుకంటే ఆయనకు ఎన్నో ఏళ్ల షుగరు ఉంది, వయసు ఉంది, డయాలసిస్ ఏళ్లూ ఉన్నాయి, ఇవన్నీ నాళాలను గట్టిపరిచేవే. కానీ అదే పని చేసే వేరే మాత్రలు ఉన్నాయని, వాటి మధ్య అసలు తేడా రక్తనాళాల దగ్గరే వస్తుందని ముందే తెలిసుంటే కనీసం అడిగేవాళ్లం. మీరు అడగాలనే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మాత్ర మార్చడం, ఆపడం మీ నెఫ్రాలజిస్ట్ చెప్పాకే జరగాలి.

సున్నం ఎందుకు పడుతుంది

రోజూ తిండితో సుమారు 1,000 మి.గ్రా. ఫాస్ఫరస్ కడుపులోకి వెళ్తుంది, అందులో 60 శాతం దాకా రక్తంలో కలుస్తుంది. కిడ్నీలు బాగుంటే ఎక్కువైనదంతా మూత్రంలో పోతుంది. కిడ్నీలు చేతులెత్తేశాక వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ చేసినా ఒక్కోసారికి 600 నుంచి 1,000 మి.గ్రా. వరకే బయటికి వస్తుంది. అంటే వారానికి 4,000 మి.గ్రా. పైగా లోపలికి చేరుతుంటే, బాగా పోయిన వారంలో కూడా బయటికి పోయేది 3,000 దగ్గరే ఆగిపోతోంది. ఆ మిగులు పేగులోనే ఆగిపోవాలని ఇచ్చే మాత్రలే ఫాస్ఫేట్ బైండర్లు. తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతాయి.

మిగులు అలాగే ఉండిపోతే నాళాల గోడల్లో జరిగేది మనం అనుకునే మామూలు పూడిక కాదు. పైపులో నీళ్ల ఉప్పు పేరుకున్నట్టు ఊరికే పేరుకోదు. గోడలోని కండ కణాలు ఫాస్ఫరస్, క్యాల్షియం రెండూ ఎక్కువున్న రక్తంలో ఏళ్ల తరబడి ఉండి ఉండి, తమ స్వభావం మార్చుకుని ఎముక కణాల్లా పనిచేయడం మొదలుపెడతాయి. నాళంలో ఎముక పుడుతోందన్నా తప్పులేదు. మామూలు గుండె జబ్బులో కొవ్వు నాళం లోపలి పొరలో పేరుకుని దారిని మూస్తుంది. కిడ్నీ జబ్బులో దానికి తోడు మధ్య పొర మొత్తం గట్టిపడుతుంది, దారి తెరిచే ఉంటుంది కానీ సాగే గుణం పోతుంది. సాగని నాళంలోకి రక్తం తోయాలంటే గుండె మరింత కష్టపడాలి, అందుకే పై బీపీ 170 ఉండి కింది బీపీ 60 దగ్గర ఉండే మనుషులు డయాలసిస్ గదిలో ఎక్కువగా కనపడతారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరని కలపడం) పెట్టడమూ కష్టమవుతుంది, పెట్టినా సరిగ్గా పెరగకపోవచ్చు.

ఇంకో సంగతి, చాలామందికి చెప్పరు: కాలి నాళాలకు సున్నం పట్టినప్పుడు చేతి బీపీతో కాలి బీపీని పోల్చే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. నాళం నొక్కుకోదు కాబట్టి కాలి బీపీ ఎక్కువగా చూపించి అంతా బాగున్నట్టే వస్తుంది. ఆ నిష్పత్తి 1.4 దాటితే బాగుందని సంతోషించకండి, నాళం గట్టిపడిందేమో అని అడగండి.

మాత్ర కంటే ముందు రిపోర్టు

ఫాస్ఫరస్ ఒక్కటే చూసి మాత్ర ఎంచుకోవడం సరికాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కనీసం మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి: ఫాస్ఫరస్, క్యాల్షియం, పీటీహెచ్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు విడుదల చేసే హార్మోన్). క్యాల్షియం చూసేటప్పుడు ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) కూడా చూడాలి, ఎందుకంటే ఆల్బుమిన్ తక్కువ ఉన్నవాళ్లలో క్యాల్షియం అసలున్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే ఒక అంకె తగ్గితే క్యాల్షియానికి 0.8 కలిపి చూడటం పాత లెక్క. ఉదాహరణకు రిపోర్టులో క్యాల్షియం 9.8, ఆల్బుమిన్ 3 అని ఉంటే అసలు అంకె 10.6 కిందే లెక్క. 9.8 చూసి నార్మల్ అనుకుంటాం. అనుమానం ఉంటే అయనైజ్డ్ క్యాల్షియం పరీక్ష అడగొచ్చు, అది ఇంకా నమ్మకమైనది.

పీటీహెచ్ ఎందుకంటే, అది ఎముక ఎంత చురుగ్గా ఉందో చెప్పే సూచన. పీటీహెచ్ బాగా తక్కువుంటే ఎముక దాదాపు నిద్రలో ఉన్నట్టు, వచ్చిన క్యాల్షియంని తీసుకోదు. ఎముక తీసుకోని క్యాల్షియంకి ఒంట్లో వేరే చోటు కావాలి, ఆ చోటు చాలాసార్లు నాళాల గోడే. కాబట్టి పీటీహెచ్ తక్కువ, క్యాల్షియం ఎక్కువ ఉన్న మనిషికి మళ్లీ క్యాల్షియం మాత్రలే ఇవ్వడం ఈ మొత్తం పోలికలో నాకు అన్నిటికంటే భయం వేసే కలయిక. డయాలసిస్ వాళ్లకు పీటీహెచ్ మామూలు పరిమితికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండటం ఆమోదయోగ్యమని కేడిగో (కిడ్నీ జబ్బుల మీద అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు చెప్తాయి, అంటే మామూలు మనిషి నార్మల్ ఇక్కడ నార్మల్ కాదు, తక్కువ.

ఇంకా డయాలసిస్ దాకా రాని వాళ్లకు ఒక మాట. ఫాస్ఫరస్ నార్మల్‌గా ఉండగానే ముందుజాగ్రత్తగా బైండర్ మొదలుపెడదామా అనే ఆలోచన వినడానికి బాగుంటుంది. 2012లో 148 మంది మీద ఇదే పరీక్షించి చూశారు. ఫాస్ఫరస్ కొద్దిగానే తగ్గింది, కానీ మందు వేసుకున్నవాళ్లలో నాళాలకు సున్నం పట్టడం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే ఎక్కువైంది, ముఖ్యంగా క్యాల్షియం మాత్ర వేసుకున్నవాళ్లలో. అందుకే ఫాస్ఫరస్ నిజంగా పెరిగి, పెరుగుతూనే ఉంటే తప్ప మందు వద్దని 2017 కేడిగో చెప్పింది.

క్యాల్షియం మాత్రలు

ఇవి రెండు రకాలు. క్యాల్షియం కార్బొనేట్ బరువులో 40 శాతం క్యాల్షియం, క్యాల్షియం అసిటేట్‌లో 25 శాతం. అసిటేట్ 667 మి.గ్రా. మాత్రలో 169 మి.గ్రా. క్యాల్షియం ఉంటుంది. కార్బొనేట్ 1,250 మి.గ్రా. మాత్రలో 500. చాలా కార్బొనేట్ డబ్బాల మీద 500 అని మాత్రమే పెద్దగా రాస్తారు, అది క్యాల్షియం బరువో మొత్తం మాత్ర బరువో వెనకాల చిన్న అక్షరాల్లో చూస్తే గానీ తెలీదు, కాబట్టి ఒకసారి చదవండి. ఒంట్లోకి చేరే క్యాల్షియంతో పోల్చి చూస్తే ఫాస్ఫరస్‌ని పట్టుకోవడంలో అసిటేట్ కార్బొనేట్ కంటే మెరుగు. క్యాల్షియం మాత్రే తప్పదంటే ఈ రెండింట్లో నా ఓటు అసిటేట్‌కి.

కార్బొనేట్‌కి ఇంకో బలహీనత ఉంది, అది కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి. మన వాళ్లలో సగంమంది పొద్దున్నే ప్యాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర వేసుకుంటారు, యాసిడ్ తగ్గిపోతుంది, మధ్యాహ్నం వేసుకున్న కార్బొనేట్ సగం పనే చేస్తుంది, ఫాస్ఫరస్ దిగలేదని డోసు పెంచుతారు. అసిటేట్‌కి ఈ ఇబ్బంది తక్కువ.

దుష్ప్రభావాలు: మలబద్ధకం, వికారం. వాటికంటే ముఖ్యం రక్తంలో క్యాల్షియం పెరగడం, దానికి లక్షణాలు రాకపోవచ్చు కూడా. దాహం, మగత, మతిమరుపు లాంటివి కనిపించేసరికి అంకె బాగానే పైకి పోయి ఉంటుంది. మోతాదు విషయానికొస్తే 2003లో అమెరికా కిడ్నీ ఫౌండేషన్ మార్గదర్శకాలు బైండర్ల నుంచి వచ్చే క్యాల్షియం రోజుకు 1,500 మి.గ్రా. మించొద్దన్నాయి, తిండితో కలిపి 2,000. మా నాన్నగారి తొమ్మిది అసిటేట్ మాత్రలు లెక్కేస్తే 1,521. ఆ లెక్క వేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2017 కేడిగో అంకె చెప్పలేదు గానీ క్యాల్షియం బైండర్ల మోతాదును పరిమితం చేయమని పెద్దవాళ్లందరికీ సూచించింది.

ఇంత చెప్పానని వీటిని తీసిపారేయకండి. చవక, ఎక్కడైనా దొరుకుతాయి, బాగానే పనిచేస్తాయి. క్యాల్షియం తక్కువగా ఉండి పీటీహెచ్ బాగా పెరిగినవాళ్లకు, పారాథైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లకు క్యాల్షియం నిజంగా అవసరం. ఎదిగే పిల్లలకు కూడా, వాళ్ల ఎముకలకు క్యాల్షియం కావాలి కాబట్టి వాళ్ల క్యాల్షియం స్థాయి చూసి నిర్ణయించాలి.

సెవెలమర్

క్యాల్షియం లేదు, లోహం లేదు, రక్తంలోకి చేరదు. పేగులోనే ఉండి ఫాస్ఫరస్‌ని పట్టుకుంటుంది. పైత్యరసంలోని ఆమ్లాలను కూడా పట్టుకోవడం వల్ల చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఇది నాళాలకు అదనపు లాభం. హైడ్రోక్లోరైడ్, కార్బొనేట్ అని రెండు రూపాలు ఉన్నాయి. హైడ్రోక్లోరైడ్ రక్తంలో ఆమ్లత పెంచుతుంది, కార్బొనేట్‌కి ఆ గొడవ లేదు, కాబట్టి రిపోర్టులో బైకార్బొనేట్ తక్కువున్నవాళ్లు కార్బొనేట్ రూపమే అడగాలి.

ఇబ్బంది అంతా కడుపులో. మలబద్ధకం, ఉబ్బరం, వికారం, కొందరికి తిండి మీదే విరక్తి. మలబద్ధకం కిడ్నీ జబ్బులో చిన్న విషయం కాదు, ఎందుకంటే మూత్రం లేని మనిషికి పొటాషియం కొంత మలం దారినే పోతుంది, ఆ దారి మూసుకుంటే పొటాషియం పెరుగుతుంది. పేగు అడ్డుపడటం, పేగు పుండు అరుదుగా జరుగుతాయి కానీ జరుగుతాయి. ఇదివరకు పేగు ఆపరేషన్ అయినవాళ్లు, మింగడం కష్టమైనవాళ్లు డాక్టరుకి తప్పక చెప్పాలి. మాత్రను నమలకూడదు, విరవకూడదు, నీటిలో ఉబ్బుతుంది. మింగలేనివాళ్లకు పొడి రూపం ఉంది. ఇంకో మాట, మలబద్ధకం వచ్చిందని మందుల షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా, మెగ్నీషియం ఉన్న విరేచన మందు తెచ్చుకోకండి. మొదటిది ఫాస్ఫరస్‌నే లోపలికి ఎక్కిస్తుంది, రెండోది కిడ్నీ తీయలేని మెగ్నీషియం.

మాత్రల సంఖ్య మాత్రం నిజంగా బాధే. 800 మి.గ్రా. మాత్ర పెద్దది, రోజుకు ఆరు నుంచి తొమ్మిది పడతాయి. నీళ్లు కొలిచి తాగాల్సిన మనిషి తొమ్మిది పెద్ద మాత్రలు మింగడానికే నీళ్లు ఖర్చుపెట్టాలంటే ఎంత కష్టమో ఇంట్లో చూసినవాళ్లకే తెలుస్తుంది.

లాంథానం, ఇనుము మాత్రలు, మిగతావి

లాంథానం కార్బొనేట్ కూడా క్యాల్షియం లేనిదే, మాత్రలు తక్కువ, కానీ బాగా నమిలి మింగాలి. పళ్లు లేనివాళ్లకు కష్టం, మొత్తంగా మింగేస్తే పనిచేయకపోవడమే కాదు పేగుకి ప్రమాదం కూడా. వికారం, వాంతులు సెవెలమర్ కంటే ఎక్కువ అంటారు కొందరు, మనిషిని బట్టి ఉంటుంది. లోహం కాబట్టి పొట్ట ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది, ఎక్స్‌రే తీసేవాళ్లకు ముందే చెప్పండి. ఏళ్ల తరబడి వాడిన కొందరిలో కడుపు లోపలి పొరలో లాంథానం నిలవ ఉన్నట్టు ఎండోస్కోపీలో చూశారు.

ఇనుముతో చేసినవి రెండు. సుక్రోఫెర్రిక్ ఆక్సీహైడ్రాక్సైడ్‌ని నమలాలి, మాత్రలు చాలా తక్కువ. సెవెలమర్‌తో పోల్చిన పెద్ద పరీక్షలో సగటున రోజుకు 3 మాత్రలు సరిపోయాయి, సెవెలమర్‌కి 8 పట్టాయి. దీని ఇనుము రక్తంలోకి పెద్దగా చేరదు. విరేచనాలు రావొచ్చు, మలం నల్లబడుతుంది, రక్తం పోతోందేమో అని భయపడేలా నల్లబడుతుంది, అందుకే ముందే చెప్తున్నాను. మలబద్ధకంతో అల్లాడేవాళ్లకు ఇది మేలేమో అడగొచ్చు. ఫెర్రిక్ సిట్రేట్ ఇనుము మాత్రం రక్తంలో కలుస్తుంది, రక్తహీనత ఉన్నవాళ్లకు ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే అంకె) ఇప్పటికే ఎక్కువున్నవాళ్లకు పనికిరాదు. సెలైన్‌లో ఇనుము ఎక్కించుకుంటున్నవాళ్లు దాని మోతాదు తగ్గించాల్సి రావొచ్చు.

అల్యూమినియం మాత్రలు ఒకప్పుడు వాడేవాళ్లు. మెదడు దెబ్బతినడం, ఎముకలు విరగడం, మందులకు లొంగని రక్తహీనత చూశాక మానేశారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మందుల షాపులో గ్యాస్ సిరప్ కొనేటప్పుడు సీసా మీద అల్యూమినియం ఉందేమో చూడండి. టెనపనార్ కొత్తది, అమెరికాలో 2023లో డయాలసిస్ వాళ్లకు అనుమతి వచ్చింది, ఇది బైండర్ కాదు, పేగు గోడ గుండా ఫాస్ఫరస్ దూరే సందుల్ని బిగిస్తుంది. ఒంటరిగా కాదు, బైండర్ చాలనప్పుడు తోడుగా. విరేచనాలు చాలామందికి వస్తాయి.

పరీక్షలు ఏం తేల్చాయి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే ఒక్క పరీక్ష పట్టుకుని అరిచేవాళ్లు రెండువైపులా ఉన్నారు. 2002లో ట్రీట్ టు గోల్ అనే పరీక్షలో 200 మంది డయాలసిస్ వాళ్లను 52 వారాలు చూశారు. క్యాల్షియం వేసుకున్నవాళ్లలో గుండె నాళాల సున్నం మధ్యస్థంగా 25 శాతం పెరిగింది, సెవెలమర్ వాళ్లలో 6 శాతం. ఇది చూసి అందరూ సెవెలమర్ అన్నారు. 2007లో డీకార్ అనే పరీక్ష 2,103 మందితో జరిగితే మొత్తం మరణాల్లో తేడా తేలలేదు. 2008లో కేర్-2 అనే పరీక్షలో క్యాల్షియం అసిటేట్‌తో పాటు కొలెస్ట్రాల్ మందు కూడా ఇచ్చి సెవెలమర్ వాళ్ల కొలెస్ట్రాల్‌కి సమానం చేస్తే, ఏడాదిలో సున్నం పెరగడంలో తేడా కనపడలేదు. అంటే సెవెలమర్ లాభంలో కొంత కొలెస్ట్రాల్ తగ్గించడం వల్లనేమో అన్న ప్రశ్న మిగిలింది. 2013లో 11 పరీక్షలు కలిపి చూస్తే క్యాల్షియం లేని బైండర్లు వాడినవాళ్లలో మరణాలు 22 శాతం తక్కువ. 2021లో జపాన్‌లో 2,300 మందికి పైగా లాంథానం, క్యాల్షియం కార్బొనేట్ పోల్చితే గుండె జబ్బుల్లో తేడా రాలేదు.

ఇవన్నీ చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, క్యాల్షియం మోతాదు తక్కువగా, రక్తంలో క్యాల్షియం అదుపులో ఉంటే మాత్రల మధ్య తేడా చిన్నది. మోతాదు పెరిగేకొద్దీ, పీటీహెచ్ తగ్గేకొద్దీ, నాళాలు ఇప్పటికే గట్టిపడి ఉన్నకొద్దీ తేడా పెద్దదవుతుంది.

అయితే ఎవరికి ఏది

ఎక్స్‌రేలో నాళాలు కనిపిస్తున్నా, రక్తంలో క్యాల్షియం పై అంచున ఉన్నా, పీటీహెచ్ తక్కువున్నా, క్యాల్షియం లేని బైండర్ అడగండి, మొదట సెవెలమర్ కార్బొనేట్. ఖర్చు భరించలేకపోతే మొత్తం మార్చక్కర్లేదు, సగం క్యాల్షియం అసిటేట్, సగం సెవెలమర్ కలిపి ఇవ్వొచ్చు, చాలామంది డాక్టర్లు ఇస్తారు కూడా, కానీ ఖర్చు గురించి మనం నోరు తెరిస్తేనే. మా వాళ్లు అడగలేదు కాబట్టి మాకెవరూ చెప్పలేదు.

క్యాల్షియం తక్కువ, పీటీహెచ్ ఎక్కువ, నాళాల్లో సున్నం లేదంటే క్యాల్షియం అసిటేట్ మీద నిశ్చింతగా ఉండొచ్చు, మోతాదు మీద కన్నేసి. మలబద్ధకం పెద్ద సమస్యయితే ఇనుము రకం. మాత్రల సంఖ్యే అడ్డమై సగం మాత్రలు చెత్తబుట్టలోకి పోతుంటే లాంథానం లేదా సుక్రోఫెర్రిక్, ఎందుకంటే వేసుకోని మంచి మాత్ర కంటే వేసుకునే ఓ మోస్తరు మాత్రే నాళాలను కాపాడుతుంది. రక్తహీనత ఉండి ఫెర్రిటిన్ తక్కువుంటే ఫెర్రిక్ సిట్రేట్.

నాళాల్లో సున్నం ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, పెద్ద సీటీ స్కానే అక్కర్లేదు. పక్క నుంచి తీసిన మామూలు పొట్ట ఎక్స్‌రేలో పెద్ద ధమని కనిపిస్తుంది, గుండె ఎకోలో కవాటాల సున్నం కనిపిస్తుంది. ఈ రెండూ సరిపోతాయని కేడిగో కూడా అంటుంది. పాత ఎక్స్‌రేలు, పాత ఎకో రిపోర్టు ఇంట్లోనే ఉండొచ్చు, తీసి చూడండి.

పక్కన వేసుకునే వేరే మందులు

బైండర్ ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా పక్కనున్న మందు దాన్ని పాడుచేయొచ్చు. క్యాల్సిట్రియాల్, ఆల్ఫాక్యాల్సిడాల్ లాంటి చురుకైన విటమిన్ డి పీటీహెచ్‌ని తగ్గిస్తుంది, కానీ పేగు నుంచి క్యాల్షియం, ఫాస్ఫరస్ రెండింటినీ లోపలికి లాగుతుంది. క్యాల్షియం బైండర్, ఇది కలిస్తే రక్తంలో క్యాల్షియం విపరీతంగా పెరిగిపోతుంది. దీనికి ప్రత్యామ్నాయం సినక్యాల్సెట్, ఇది పీటీహెచ్‌తో పాటు క్యాల్షియంని కూడా తగ్గిస్తుంది. వాంతులు ఎక్కువ, క్యాల్షియం మరీ పడిపోతే కండరాలు పట్టేయడం, గుండె లయ తప్పడం ఉంటాయి. 2012లో 3,883 మంది మీద జరిగిన ఎవాల్వ్ పరీక్షలో సినక్యాల్సెట్ మరణాలు, గుండె జబ్బులు తగ్గించిందని ఖచ్చితంగా తేలలేదు. కాబట్టి నాళాల కోసమే అని కాకుండా, పీటీహెచ్ ఎక్కువుండి క్యాల్షియం కూడా పైన ఉన్నవాళ్లకు ఇది సరైన ఎంపిక అనుకుంటే చాలు.

వార్ఫరిన్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలనుంది. నాళాల గోడలో సున్నం పట్టకుండా ఆపే ఒక ప్రోటీన్ ఉంది, అది పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ పనే విటమిన్ కెని అడ్డుకోవడం. రక్తం పలచబడుతుంది, దాంతో పాటు ఆ కాపలా ప్రోటీన్ కూడా మూలన పడుతుంది. కిడ్నీ జబ్బులో క్యాల్సిఫైలాక్సిస్ అనే భయంకరమైన స్థితికి వార్ఫరిన్ తెలిసిన కారణాల్లో ఒకటి: చర్మం కింది చిన్న నాళాలు గట్టిపడి మూసుకుపోయి, తొడలు, పొట్ట మీద విపరీతమైన నొప్పితో ఊదారంగు మచ్చలు, తర్వాత నల్లటి పుండ్లు. అలాంటి మచ్చ కనపడితే తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు, ఆ రోజే చూపించండి.

గుండె లయ తప్పినందుకు వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు అపిక్సబాన్ గురించి అడగొచ్చు. దాంట్లో దాదాపు 27 శాతమే కిడ్నీ దారిన పోతుంది. డాబిగాట్రాన్ అయితే 80 శాతం కిడ్నీ మీదే ఆధారపడుతుంది, అందుకే కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు సరిపడదు. కానీ లోహపు గుండె కవాటం ఉన్నవాళ్లకు వార్ఫరినే గతి, వాళ్లు ఇది చదివి సొంతంగా ఆపితే కవాటం మీద రక్తం గడ్డకట్టి ప్రాణం పోతుంది. వాళ్లు మార్చమని అడగాల్సింది బైండర్‌ని, విటమిన్ డి మోతాదుని.

కొలెస్ట్రాల్ మందులు తొందరగా చెప్పేస్తాను: డయాలసిస్‌కి ముందు మొదలుపెడితే లాభం ఉంది, 2011లో 9,270 మందితో జరిగిన షార్ప్ పరీక్షలో పెద్ద గుండె, నాళ ప్రమాదాలు 17 శాతం తగ్గాయి. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా మొదలుపెట్టడం వల్ల పెద్ద లాభం తేలలేదు, ఇప్పటికే వాడుతుంటే కొనసాగించొచ్చు.

ఎంచుకున్న మాత్ర వృథా కాకుండా

బైండర్ అన్నం ముద్దతో పాటే పనిచేస్తుంది. భోజనం మధ్యలోనో, చివరి ముద్దతోనో వేసుకోవాలి. తినని పూట వేసుకోవద్దు. క్యాల్షియం మాత్రను పరగడుపున వేసుకుంటే పట్టుకోవడానికి ఫాస్ఫరస్ ఉండదు, క్యాల్షియం మాత్రం రక్తంలోకి పోతుంది. అంటే దుష్ప్రభావం ఉంచుకుని ఉపయోగం వదులుకున్నట్టు. మా నాన్నగారు మందులన్నీ ఒకేసారి వేసేసుకుంటే గుర్తుంటుందని పొద్దున్నే ఖాళీ కడుపుతో మూడు క్యాల్షియం మాత్రలు వేసుకునేవారని మాకు మూడేళ్లకు తెలిసింది.

థైరాయిడ్ మాత్రను బైండర్‌కి నాలుగు గంటల దూరంలో ఉంచండి, లేకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో వచ్చే అంకె) పెరిగిపోయి కారణం తెలీక తికమకపడతారు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వాడే మైకోఫెనొలేట్ కూడా బైండర్ పట్టుకునేవే, వాటి సమయం డాక్టరునే అడగండి. సెవెలమర్ విటమిన్ డి, ఇ, కె, ఫోలిక్ యాసిడ్ ఒంటికి అందకుండా చేయొచ్చని మందు కాగితంలోనే ఉంటుంది. తిండి వైపు ఒక్క మాట చాలు: ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది, పప్పుధాన్యాల్లో సహజంగా ఉండేది అంతగా పోదు. ప్యాకెట్ వెనక ఇ338 నుంచి ఇ343, ఇ450 నుంచి ఇ452 అంకెలు ఉంటే పక్కన పెట్టేయండి, రెండు మాత్రలు తగ్గించుకున్నంత పని.

మా నాన్నగారికి తొమ్మిది క్యాల్షియం మాత్రలు మూడు చేసి, రాత్రి, మధ్యాహ్నం భోజనాలకు సెవెలమర్ పెట్టారు, విటమిన్ డి మోతాదు తగ్గించారు. మొదటి నెల ఉబ్బరంతో బాగా ఇబ్బంది పడ్డారు, మానేస్తానన్నారు, పొడి రూపానికి మార్చాక కుదుటపడ్డారు. క్యాల్షియం 10.6 నుంచి 9.4కి దిగింది. ఫాస్ఫరస్ మాత్రం ఇప్పటికీ ఒక నెల 5, ఒక నెల 6. ఎక్స్‌రేలో ఆ గీతలు పోలేదు, పోవని డాక్టరు ముందే చెప్పారు, పెరగకుండా చూద్దాం అన్నారు. వచ్చే నెల మళ్లీ పీటీహెచ్ చేయించాలి, అది ఇంకా తగ్గితే మిగిలిన ఆ మూడు క్యాల్షియం మాత్రలు కూడా తీసేయమని ఈసారి మేమే అడుగుతాం.